తిరిగి వచ్చే తీగ

సూత్రాల టీచర్‌కి పిల్లల అల్లరంటే భయం లేదు, తనిఖీకి వచ్చే పెద్దలన్నా లేదు. తరగతిలో ఎవరైనా చెయ్యెత్తితే మాత్రం ఆమె గుండె జారిపోయేది. ఆ ప్రశ్న పాఠం గట్టు దాటి ఎక్కడికి లాక్కుపోతుందోనని బెదురు.

అది చిన్ననాటి బెదురే. ఆమెకు భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారు, ‘ఎందుకు’ అని అడిగిన పిల్లల్ని బెంచీ ఎక్కించి నిలబెట్టేవాడు. ఒకసారి ఎక్కాక ఆమె మళ్లీ నోరెత్తలేదు. అర్థం కానిదల్లా బట్టీ పట్టింది. బట్టీ మార్కులు తెచ్చింది, మార్కులు ఉద్యోగం తెచ్చాయి, ఉద్యోగంలో కుదురుకున్నాక అదే విద్యను పిల్లలకు పంచింది. బోర్డు మీద ముందు సూత్రం రాసేది, దాని చుట్టూ డబ్బా గీసేది, తరగతి మొత్తంతో ఒకే గొంతుగా చదివించేది. పరీక్షల్లో ఆమె పిల్లలు మార్కులు దండుకునేవాళ్లు. అందుకే సూత్రాల టీచర్ అన్న పేరు స్థిరపడింది. ఆమె కూడా దాన్ని బిరుదులాగే మోసింది.

ఆ ఏడాది పదో తరగతిలో అందరూ చిలక అని పిలిచే పిల్ల ఉండేది. ఏ పాఠమైనా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేది. తండ్రి లారీ మీద దూరాలు తిరిగే మనిషి, తల్లి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. ఇంట్లో నాయనమ్మకీ తనకీ తనే దిక్కు. ఎప్పుడూ ప్రశ్నలడగని ఆ పిల్ల విద్యుత్తు పాఠం జరుగుతున్న రోజు చెయ్యెత్తింది.

“టీచర్, మోటారు కరెంటు తీసుకుని తిరుగుతుంది కదా. మరి బయటికొచ్చే తీగలో ఏం మిగులుతుంది?”

“వెళ్లే తీగలో ఎంతో, వచ్చే తీగలోనూ అంతే. నిన్న రాయించానుగా.”

“రాశాను టీచర్. పరీక్షలోనూ అదే రాస్తాను. నిజంగా ఏముంటుందని అడుగుతున్నా.”

తరగతి గొల్లున నవ్వింది. టీచర్ మాత్రం నవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆ సంగతి ఆమెకే తేలని సంగతి. అంత కరెంటూ వెనక్కి వచ్చేస్తే మోటారు దేంతో తిరిగినట్టు? సూత్రం నాలుక చివర ఉంది, దాని వెనక మాత్రం చీకటి.

“అది సిలబస్‌లో లేదు. కూర్చో,” అంది. గంట కొట్టారు. ఆమె బతుకు జీవుడా అని బయటపడింది.

చివరి పీరియడ్ మళ్లీ అదే తరగతి. చిలక చోటు ఖాళీగా ఉంది. ఎక్కడికెళ్లిందని పక్క పిల్లని అడిగింది.

“ఇంటికెళ్లింది టీచర్. వాళ్ల నీళ్ల మోటారు తీగ తెగిందట. నాయనమ్మకి తాగడానికి కూడా నీళ్లు లేవని, తనే అతికిస్తానని వెళ్లింది.”

“స్విచ్ ఆపి అతుకుతానందా?”

“ఆపదట టీచర్. అతకగానే తిరుగుతుందో లేదో చూడాలిగా. తెగింది మోటారులోంచి బయటికొచ్చే తీగే, అందులో ఏమీ ఉండదు, ఖాళీదే అంది.”

టీచర్ చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని ఎక్కడ పెట్టిందో ఆమెకు తెలీదు. ఆఫీసు గదిలోకి వెళ్లి చిలక తల్లికి ఫోన్ చేసింది. పనివేళ, స్విచాఫ్. పక్కింటివాళ్ల నంబరు ఎవరి దగ్గరా లేదు. ఇల్లు బజారు చివర, మందుల షాపు వెనక సందులో అని ఎవరో చెప్పారు. ఆమె చెప్పులు టకటకలాడించుకుంటూ పరుగులాంటి నడకతో బయల్దేరింది.

ఎండ ఇంకా తగ్గలేదు. కూరగాయల బండివాడు పలకరించినా వినపడలేదు. ‘కూర్చో’ అన్న తన మాటే చెవుల్లో తిరుగుతోంది. ఆ పిల్ల కూర్చుంది. చెప్పిన మాట వినే పిల్ల, అందుకే కూర్చుంది. సందు మలుపులో ఒకావిడ గట్టిగా ఎవరినో కేకేసింది. టీచర్ కాళ్లు అక్కడే అతుక్కుపోయాయి. అది ఏడుపు కాదు, కూతుర్ని ఇంటికి పిలుస్తున్న కేక. అది తెలిసేదాకా ముందుకు అడుగు పడలేదు.

చిలక ఇంటి తలుపు తీసే ఉంది. నాయనమ్మ నడవలో ఖాళీ బిందెల పక్కన కూర్చుని ఉంది. పెరట్లో నీళ్ల తొట్టి, దాని పక్కన మోటారు, నేలంతా తడి. ఆ తడిలో వట్టి కాళ్లతో గొంతుక్కూర్చుని చిలక తెగిన తీగ పై తొడుగు పళ్లతో కొరకబోతోంది. గోడ మీద స్విచ్ పక్కన ఎర్రదీపం వెలుగుతోంది.

కేక పెడితే పిల్ల ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే రాగి తగులుతుంది.

“తల్లీ,” అంది, వీలైనంత మామూలు గొంతుతో. “అది నేలన పెట్టి ఇలా రా. పొద్దున నువ్వడిగినదాంట్లో నాకో సందేహం వచ్చింది. నువ్వే చెప్పాలి.”

టీచర్‌కి జవాబు చెప్పడమంటే చిలకకి ప్రాణం. తీగ వదిలేసి, చేతులు గౌనుకి తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది. టీచర్ ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, “నొప్పి టీచర్,” అంది చిలక.

స్విచ్ ఆపాలి. గోడకీ చెమ్మ ఉంది. టీచర్ చెయ్యి చాచింది, వెనక్కి తీసుకుంది. ఇంట్లో ఫ్యూజు పోతే భర్తే చూసుకునేవాడు, తను అవతలి గదిలో నిలబడేది. ఏటా ప్రమాదాల గురించి పాఠం చెప్పే మనిషి, ఒక్క స్విచ్ ముందు కొయ్యబారిపోయింది. చివరికి నాయనమ్మ ఎండు చీపురుకర్ర అందించింది. దాని కొనతో నొక్కితే ఎర్రదీపం ఆరింది.

పక్కవీధి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు. అతను చెక్కపీట మీద నిలబడి, అందర్నీ దూరంగా ఉండమని, స్విచ్ వేసి మోటారువైపు తెగిన కొనకి టెస్టర్ ఆనించాడు. టెస్టర్‌లో బుల్లి దీపం వెలిగింది.

చిలక ఆ దీపం వంక చూసింది. “మోటారే తిరగట్లేదు. మరి అందులోకి ఎలా వచ్చింది టీచర్?”

“నాకు తెలీదమ్మా,” అంది టీచర్. “తెలుసుకుని చెప్తాను.”

ఆ మాట అనడానికి ఆమెకు ఇన్నేళ్లు పట్టింది.

ఆ వారమంతా సాయంత్రాలు, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే చెల్లెలి దగ్గర కూర్చుని, సిగ్గు విడిచి, మొదట్నుంచీ నేర్చుకుంది. మళ్లీ తరగతికి వెళ్లినప్పుడు బోర్డు ముట్టుకోలేదు. బట్టలారేసే పొడవాటి తాడు తెచ్చి, రెండు కొసలూ ముడేసి, పిల్లల్ని వలయంగా నిలబెట్టి తాడు అందరి చేతుల్లోంచి పోనిచ్చింది. ఒక పిల్లాణ్ని లాగుతూ ఉండమంది. ఎదురుగా ఉన్న పిల్లని కాస్త బిగించి పట్టుకోమంది.

“చెయ్యి కాలుతోంది టీచర్,” అంది ఆ పిల్ల.

“తాడేమైనా తగ్గిందా?”

ఒకడు తాడు తడిమి చూసి, “తాడు అంతే ఉంది. లాగేవాడి బలమే దాని చేతిలో వేడయింది,” అన్నాడు.

“మరి తెగిన తీగ సంగతి?”

“కుళాయి కట్టేసినా గొట్టంలో నీళ్లుంటాయి కదా టీచర్,” అని వలయంలో అవతలివైపు నుంచి మరో పిల్ల అంది. “తోసుకుంటూనే ఉంటాయి. దారి దొరికితే దూకుతాయి.”

ఆ రోజు నుంచి ఆమె పాఠానికి ముందు ‘మీరేమనుకుంటున్నారు’ అని అడగడం మొదలుపెట్టింది. వచ్చిన జవాబులు వింటుంటే ఆమెకు భయమేసేది. బరువైన రాయి పై అంతస్తు నుంచి త్వరగా పడుతుందని, తేలికది పడినా దెబ్బ తగలదని ఒకడన్నాడు. చన్నీళ్లు పోస్తే మండే నూనె ఆరుతుందని ఇంకొకతె అంది. అందరూ మంచి మార్కుల పిల్లలే. ఇవే నమ్మకాలు జేబులో వేసుకుని ఇన్నేళ్లుగా ఎంతమంది తన తరగతి దాటి వంటగదుల్లోకి, మేడల మీదికి వెళ్లారో. వాళ్ల ముఖాలు గుర్తొచ్చినప్పుడల్లా ఆమె చెబుతున్నది మళ్లీ మొదట్నుంచి చెప్పేది.

చిలక మాత్రం మళ్లీ చెయ్యెత్తలేదు. ఒకరోజు తల్లి బడికొచ్చి, “ఇంట్లో లైటు కూడా వెయ్యట్లేదండీ. ఫ్యాన్ కింద పడుకోనంటోంది. మీరే ఏదో ఒకటి చెప్పాలి,” అని వాపోయింది.

బడి వదిలాక టీచర్ ఆ పిల్లని ప్రయోగశాలకి తీసుకెళ్లింది. బల్ల మీద టార్చిలైటు సెల్లు, చిన్న బల్బు, రెండు తీగ ముక్కలు పెట్టింది. ఇది తాకినా ఏమీ కాదని ముందు తనే తాకి చూపించింది. చిలక వాటి ఎదురుగా కూర్చుంది. తీగ అందుకుంది, వదిలేసింది, మళ్లీ అందుకుంది. భయపడకు అని టీచర్ అనలేదు. కుర్చీ దగ్గరగా జరుపుకుని, రెండో తీగ కొన తను పట్టుకుని, ఎక్కడ ఆనించాలో నువ్వే చెప్పమంది.