ఓబులమ్మ రుచి చూసిన సంగటి

ఎన్నికలు ముగిసిన ఒక వేసవిలో నన్ను జమ్మలమడుగు దగ్గరి పల్లెకు పంపారు. అప్పట్లో నేను ప్రొద్దుటూరు ఆసుపత్రి ఒకదానిలో డైటీషియన్ని, అంటే రోగి ఏం తినాలో పట్టిక రాసిచ్చే ఉద్యోగం. రోగి ఒక పార్టీ నాయకుడు. చక్కెర జబ్బు పాతది, గుండె ఆపరేషన్ కొత్తది. మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా మాన్పించమని డాక్టరు రాశారు. తుపాకులు పట్టుకున్న మనుషులను దాటి లోపలికి వెళ్ళాను.

మాంసం లేనిదే ముద్ద దిగని మనిషికి ఒకటే కూర పెడితే వారానికే మొహం మొత్తుతుంది. అందుకే రోజుకో రకం రాశాను. రాగి సంగటిలోకి చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, జొన్నరొట్టెకు అలసంద కూర, కొర్రన్నంలోకి ఉలవచారు, మధ్యమధ్య మునగాకు, నువ్వుల పొడి. వండేది ఓబులమ్మ, ఆ ఇంటి పాత వంటమనిషి. ఏది వండినా ఆమె ఒక ముద్ద తిన్నాకే ఆయన పళ్ళెంలో పడాలి. విషం భయంతో ఆ ఇంట్లో పెట్టుకున్న కట్టుబాటు అది.

ఏడాదిన్నర బాగానే గడిచింది. ఆయన బరువు తగ్గాడు, నేను గర్వపడ్డాను. ఒక ఉదయం ఉన్నపళంగా రమ్మని జీపు పంపారు.

ఓబులమ్మ వంటింటి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాయకుడి అరికాళ్ళు మొద్దుబారాయి, నడిస్తే తూలుతున్నాడు. ఆయన అనుచరుడు గంగన్న నాతో మెల్లగానే అన్నాడు: "అయ్యకు మందు పెట్టినారు మేడం. రొండు దినాలాయ, అయ్య ఈమె చేతి కూడు ముట్టలే. మీరు ఒక మాట చెప్తే, మిగతాది మేం చూసుకుంటాం." చూసుకోవడమంటే ఏమిటో అక్కడ ఎవరూ అడగరు.

"నేనూ అదే తింటి గదమ్మా, నాకేం కాలే," అంది ఓబులమ్మ.

గంగన్నకు ఆ మాటే ఆమె మీద సాక్ష్యమైంది: తను రుచి చూశాకే కలిపి ఉంటుందని. "ఇంటికి పోయాక నువ్వేం తింటావు?" అని నేను ఓబులమ్మను అడిగాను. పెరుగన్నం, ఆదివారం కోడికూర అంది. అప్పుడు నాకు అర్థమైంది. మొక్కల ఆహారంలో బి12 విటమిన్ దొరకదు, మాత్రగా ఇవ్వాలి. ఆయన ఏళ్ళుగా వాడే చక్కెర జబ్బు మాత్ర ఒంట్లో ఉన్న కాస్తనూ తగ్గిస్తుంది. అది లోపిస్తే నరాలు దెబ్బతిని కాళ్ళు మొద్దుబారతాయి. పాలు, మాంసం మాన్పించిన నేను బి12 మాత్ర రాయడం మరిచిపోయాను.

నోరు మూసుకుంటే నాకేమీ కాదు. ఆ ఆలోచన నాకు వచ్చింది, దాచను. నాయకుడి ఎదుటికి వెళ్ళి, తప్పు పట్టికలో ఉందని, రాసింది నేనని, నెత్తురు పరీక్ష చేయించమని చెప్పాను.

రిపోర్టు వచ్చేదాకా, రెండు రోజులు, నన్నూ ఆ ఇల్లు దాటనివ్వలేదు. ఓబులమ్మ, నేను ఒకే చాప మీద కూర్చున్నాం. నేను చెప్పిందే నిజమని తేలింది. నాయకుడు కాగితం పక్కన పెట్టి, "ఓబులమ్మా, సంగటి పెట్టు," అన్నాడు. ఆమె అలవాటు కొద్దీ మొదటి ముద్ద తనే తింది.

సూదిమందులతో ఆయన కాళ్ళు చాలావరకు కుదుటపడ్డాయి. ఆ తర్వాత నేను రాసిన ప్రతి పట్టికలోనూ, ఏది మాన్పించానో దాని పక్కనే బదులు ఏమివ్వాలో రాశాను. ఆ చోటు ఖాళీగా ఉంటే శిక్ష పడేది నాకు కాదు, వండిన మనిషికి.