అక్క మార్చిన ఫొటోలు

మా అక్క దర్జీ. కుట్టు నేర్చుకునేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో ఒక చర్చావేదిక పెట్టింది. "కాలర్ ముడతలు పడుతోందక్కా" అని ఎవరైనా అడిగితే చాలు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, గుడ్డ ముందేసుకుని కుట్టి చూపించి, ఫొటోలు తీసి పెట్టేది. తప్పు కుట్టినవాళ్లు తమ తప్పు తామే చూపించి అందర్నీ నవ్వించేవాళ్లు.

జనం పెరిగారు. ఒక్కత్తీ చూసుకోలేక పెత్తనం మా ఆయన చేతిలో పెట్టింది. చెల్లెలి మొగుడేగా అని నమ్మింది, పిచ్చిది! ఆయనగారు ఒక కుట్టుమిషన్ల కంపెనీతో కుదుర్చుకుని ప్రతి పాఠం కిందా ప్రకటన అతికించారు. కొత్తవాళ్లు నోరు తెరిస్తే పదిమంది మీదపడి ఎగతాళి చేయడం, ఈయన చూసి మురిసిపోవడం. గోల ఎక్కువైతే చూసేవాళ్లు ఎక్కువట! నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఇదేమిటని అడిగిన అక్కనే వెళ్లగొట్టారు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

ఒకరోజు ఒకావిడ అక్కకి ఫోన్ చేసి ఏడ్చింది. "మీ పాఠం కింద చూసి ఆ మిషన్ కొన్నానమ్మా. వారానికే బిగుసుకుపోయింది. మీరు చెప్పారనేగా కొన్నాను!"

అక్క ముఖం కందగడ్డలా అయింది. పాఠాల్లోని ఫొటోలన్నీ ఆమె సొంత ఖాతాలోనే ఉన్నాయి. వేదికలో కనబడేవి అక్కడినుంచే వస్తాయి. గెంటినవాళ్లకి ఆ సంగతే తెలీదు. ఆవిడ మిషన్ ఫొటో తెప్పించి, "నా పేరు చూసి దీన్ని కొనకండి" అని దానిమీద రాసి, ఉన్న ఫొటోలన్నీ తీసేసి వాటి చోట దాన్నే పెట్టింది; వేదికలో ఏ పాఠం తెరిచినా అదే. ఏళ్ల తరబడి చేసిన పాఠాలు పోయాయి. ఏడ్చింది కూడా. అయినా ఆపలేదు.

మా ఆయన లబలబలాడుతూ అక్క దగ్గరికి పరిగెత్తారు. "వదినా, నా కొంప ముంచావు!"

"మునగనీ మరిదిగారూ. ముందు మీరు చేసింది అందరి ముందూ ఒప్పుకోండి. తర్వాత చూద్దాం."

గత్యంతరం లేక క్షమించమని వేదికలోనే రాశారు. అంతే! ఆయన పోగేసిన గుంపే ఆయన మీద పడింది. మొసలి కన్నీళ్లన్నారు, దొంగన్నారు. వేదిక చూసుకోవడంలో సాయానికని ఈయన ఏరికోరి పెట్టుకున్న మనిషే చివరికి ఈయన్ని బయటికి నెట్టేశాడు.

"నువ్వైనా మీ అక్కకి చెప్పవే. ఆవిడ మాటైతే వింటారు" అని నన్ను బతిమాలారు.

"ఎవరండీ వినేది? వినేవాళ్లందర్నీ మీరేగా తరిమేశారు!"

నా కడుపు చల్లబడింది.