వేపనూనె చేతులు

మొన్న మిద్దె మీద గులాబీలకు వేపనూనె కొడుతుంటే, ఆ చేదు వాసనకు మా నాయనమ్మ చేతులు గుర్తొచ్చాయి.

అప్పట్లో మా కార్ఖానా బస్తీలో ఇళ్ల వెనక పెరళ్లుండేవి, పెరట్లో కోళ్లుండేవి. నేను బడి నుంచి రాగానే నాయనమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని, తలలో పేలు చూసి, జడ వేసేది. ఆ రోజు మాత్రం గంపలో గుడ్లు పొదిగే ఎర్రకోడి ఆమె ఒళ్లో ఉంది. దాని రెక్కలు విప్పి ఈకల మొదళ్లకు వేపనూనె రాస్తోంది. గంపలోంచి తీసిన పాత గడ్డి పక్కనే కాలుతోంది.

నేను దువ్వెన పట్టుకుని దగ్గరికి వెళ్లాను.

"దూరం పో! నన్ను ముట్టకు. మీ అమ్మతోని ఏయించుకో, పో!" అని కసిరింది.

నా పేలు చూడాల్సిన చేతులు కోడి పేలు చూస్తున్నాయి. నాకన్నా ఆమెకు కోడే ఎక్కువైందనుకున్నాను.

మర్నాడు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, దువ్వెన పట్టుకుని గడపలో కూర్చుంది. "రా బిడ్డా, జడ ఏస్త."

"అమ్మ ఏస్తది," అన్నాను.

ఆమె మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు కనిపిస్తూనే ఉన్నాయి. అవి కోడి పేలు కుట్టినవని, నాకు ఎక్కకూడదనే ఆమె కసిరిందని నాకు అర్థమయ్యేసరికి ఆమె లేదు.

నేనలా అన్నాక నాయనమ్మ ఆ పూట మళ్లీ పిలవలేదు. చేతిలోని దువ్వెనతో తన పిడికెడు తెల్లజుట్టే దువ్వుకుంది.