ఒక్క మాట దగ్గర కుహెలిన్

తెల్లవారుజామున ప్రార్థన కాగానే కుహెలిన్ ఆనాడు చెప్పాల్సిన మాటల్ని రెండు భాషల్లోనూ గొణుక్కుంటూ పచార్లు చేసేవాడు. మా వేల్సు రాజులకూ ఇంగ్లీషు రాజుకూ నడుమ ఇరవై ఏళ్ళుగా దుబాసీ ఆయన. కూర్చున్నచోట కుదురుగా కూర్చోలేడు, గడ్డిపోచ నములుతూనే ఉంటాడు. ఒకరు విసిరిన తిట్టును రెండోవారికి మెత్తబరిచి చెప్పి, "దేవుడు క్షమిస్తాడులే" అనుకునేవాడు.

యుద్ధంలో ఓడిన మా ఐనియన్ రాజు ఒకరోజు కత్తి తీసేసి ఇంగ్లీషు రాజు ముందు మోకరిల్లాడు. లొంగిపోయినందుకు గుర్తుగా చేతులు ఆయన చేతుల్లో పెట్టి "నీ మనిషినౌతాను" అనాలి. మా భాషలో మగమనిషికీ మొగుడికీ ఒకటే మాట.

"ఏమోయ్ కుహెలిన్, ఈయనకు మొగుణ్ణవమంటావా? పెళ్ళికూతురికి ఆ గడ్డమేమిటయ్యా!" అన్నాడు ఐనియన్. వెనక మావాళ్ళు కిసుక్కుమన్నారు.

"ఎందుకా నవ్వు?" అన్నాడు ఇంగ్లీషు రాజు.

"సంధి కుదురుతోందని సంతోషం, ప్రభూ," అన్నాడు కుహెలిన్, చెమట తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఐనియన్ నోరు మెదపలేదు. ఆ మాట అనకపోతే సంధి లేదు, హామీగా ఇంగ్లీషు రాజుకు బందీలుగా ఇచ్చిన మా పన్నెండుమందికీ ఉరే. కుహెలిన్ గబగబా వచ్చి ఐనియన్ పక్కనే మోకరిల్లి, తగ్గు గొంతుతో మా భాషలో అన్నాడు.

"దొరా, నాకొక్క ఉపకారం చెయ్యండి. మీరు పెదవులు కదపండి చాలు. ఆ మాట నేనంటాను."