పూరీ మీద వేలు

నంద్యాల పాత బస్టాండు దగ్గర నేను రోజూ కాఫీ తాగే హోటల్లో గురుస్వామి అనే సర్వరు ఉండేవాడు. పొడగరి. భుజం మీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ. నేను మూలబల్ల దగ్గర పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి గానీ, చాలాసార్లు పుస్తకంలో కంటే పక్కబల్ల మీదే కథ బాగుండేది.

ఆ కాలంలో పెళ్ళాం బిడ్డలతో హోటలుకు రావడమంటే మాటలు కాదు. ఆసుపత్రి పనో, పెండ్లి బట్టల బేరమో, శ్రీశైలం ప్రయాణమో ఉండాలి. వచ్చినవాళ్ళు బేతంచెర్ల నాపరాయి బల్ల చుట్టూ సర్దుకుని కూర్చునేవాళ్ళు. తండ్రి తనకు పూరీయో మసాలా దోసెయో చెప్పుకుని, పిల్లల మొహం చూడకుండానే "పిల్లోనికి ఇడ్లీ" అనేవాడు. భూములున్న ఆసామి అయినా, చర్చి బడి పంతులైనా, నాపరాళ్ళ లారీ డ్రైవరైనా ఈ మాట దగ్గర అందరిదీ ఒకటే మతం. పూరీ అరగదు, దోసె కారం, ఇడ్లీ మెత్తన. జ్వరమొస్తే ఇంట్లో పెట్టేదీ అదే, ముస్తాబు చేసి ఊరు దాటించి తెచ్చి పెట్టేదీ అదే. తల్లులు పిల్లల మూతులు తుడుస్తూ ఉండేవాళ్ళు.

ఇది గురుస్వామికి గిట్టేది కాదు. అందుకని పొరపాటు చేసేవాడు. ఉబ్బిన పూరీ తెచ్చి పిల్లాడి ముందు, ఇడ్లీ తండ్రి ముందు పెట్టేవాడు.

"ఏందప్పా, కండ్లు కనపడవా నీకు? పూరీ నాకు, ఇడ్లీ పిల్లోనికి!"

"అయ్యో, తారుమారాయె సామీ" అంటూ పళ్ళెం కోసం చెయ్యి చాపేవాడు. ఎంత నిదానంగా చాపేవాడంటే, ఆలోగా పిల్లాడి వేలు పూరీ నడినెత్తిన దిగబడి ఆవిరి బుస్సున లేచేది.

"వేలు పెట్టేసె సామీ పిల్లోడు. ఇంగేం జేస్తాం?"

ఎవరింట్లోనైనా తండ్రికి బిడ్డ ఎంగిలి పట్టింపు ఉండదు. కానీ నలుగురి ముందు బిడ్డ చేతి కింది నుంచి పూరీ లాక్కునే తండ్రిని నేను నంద్యాలలో చూడలేదు. విధిలేక ఇంకో పూరీ చెప్పేవాడు. అందుకే హోటలు యజమాని నారాయణప్ప గురుస్వామిని గట్టిగా తిట్టేవాడే గానీ తీసేసేవాడు కాదు.

"వీనికి మతిమరుపు సామీ" అనేవాడు నాతో. "పిల్లోళ్ళ కాడ్నే ఎందుకొస్తాదో ఆ మతిమరుపు, అదే నాకు తెల్డంలేదు."

తండ్రీ పిల్లాడూ తాకని ఆ ఇడ్లీ సంగతి మేమెవరమూ పట్టించుకోలేదు. చివరికి పళ్ళెం ఖాళీగానే తిరిగొచ్చేది.

గురుస్వామికి ఒక్కతే కూతురు, ఉమ. ఆ రోజు ఎంతమంది పిల్లలకు పూరీ పెట్టిందీ ఇంటికి పోయి ఆ పిల్లకు చెప్పేవాడు. వినీ వినీ ఆ పిల్లకు లోకంలో కోరిక ఒకటే మిగిలింది. హోటల్లో కూర్చుని ఉబ్బిన పూరీని వేలితో పొడవాలి. ఆకులో కట్టి తెస్తే ఇల్లు చేరేసరికి అది చపాతీ అయిపోయేది. పోనీ పిల్లనే తీసుకొద్దామంటే, పనివాళ్ళ ఇంటివాళ్ళు వెనక రుబ్బురోలు దగ్గర కూర్చుని తినాలే గానీ ముందు బల్లల దగ్గరికి రాకూడదని అక్కడి కట్టుబాటు. రుబ్బురోలు దగ్గర కూర్చోబెట్టడానికి గురుస్వామికి మనసొప్పలేదు.

"వేరే ఊర్లో నిన్ను గిరాకీ మాదిరి కూసోబెడ్తానమ్మా. నువ్వేమడిగితే అదే" అని మాటిచ్చాడు.

ఎనభై ఒకటి ఎండాకాలంలో ఆ అవకాశం వచ్చింది. ఆళ్ళగడ్డలో అతని భార్య వెంకటమ్మ తమ్ముడి పెండ్లి. మర్నాడు పొద్దున తిరుగు బస్సు ఎక్కేముందు ముగ్గురూ అక్కడి హోటలుకు పోయారు. జరిగింది గురుస్వామే నాకు చెప్పాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంటే భుజం మీద గుడ్డ లేక వెలితిగా ఉందట. సర్వరు వచ్చి "ఏం కావల్లన్నా?" అన్నాడు. తనను ఆ మాట అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. గురుస్వామి నిటారుగా కూర్చున్నాడు.

"నాకు పూరీ."

"పాపకు?"

ఉమ నోరు తెరిచింది. ఆ పిల్ల మాట బయటికి రాకముందే తండ్రి అనేశాడు:

"పాపకు ఇడ్లీ."

"యాడ్నుంచి వచ్చెనో సామీ ఆ మాట!" అన్నాడు నాతో, బల్ల తుడుస్తూ.

"ఎందుకన్నావు మరి?"

"బస్సులో పోవల్ల గదా. ఆడ నూనె జూస్తే నల్లగుండాది. పిల్ల కక్కుకుంటాదని..."

"నీకో?"

"నాకేం సామీ, పెద్దోణ్ణి."

ఆళ్ళగడ్డ సర్వరు ఏ పొరపాటూ చేయని మనిషి. పూరీ గురుస్వామి ముందు పెట్టాడు, ఇడ్లీ ఉమ ముందు పెట్టాడు. ఉమ ఏడవలేదు. బల్ల మీదికి వంగి, చెయ్యి బారచాపి, తండ్రి పూరీలో వేలు దించింది. ఆవిరి లేచింది.

"వేలు పెట్టేసినా నాయనా. ఇంగేం జేస్తాం?"

"కండ్లు కనపడవా నీకు? అది నాది!" అని గురుస్వామి అరిచాడు. హోటలంతా తిరిగి చూసింది. ఆ అరుపు ఎక్కడో విన్నట్టుందే అని అతను అనుకునేలోపు పిల్ల సగం పూరీ తినేసింది. సర్వరు నవ్వి ఇంకొకటి తెచ్చి పెట్టాడు.

"నా బిడ్డ సామీ!" అన్నాడు గురుస్వామి, ఊరేగింపు నుంచి వచ్చినవాడిలా. "నాకే నేర్పిచ్చింది."

"పాపకని చెప్పిన ఇడ్లీ ఏమయింది?" అని ఊరికే అడిగాను.

"ఖాళీ పళ్ళెమే పాయ సామీ."

"వెంకటమ్మకు ఏం చెప్పినావు?"

తుడుస్తున్న చెయ్యి నాపరాయి మీద ఆగిపోయింది. "ఆమెకా..." అన్నాడు. తర్వాత గుడ్డ భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. నా కాఫీ మరిచిపోయాడు. అతను నిజంగా మరిచిపోవడం నేనెరిగి అదే మొదలు.

మర్నాడు పగిడ్యాల నుంచి ఒక రైతు భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకొచ్చాడు. తనకు పూరీ, పిల్లోనికి ఇడ్లీ అన్నాడు. గురుస్వామి కదలలేదు. ఆమె వైపు తిరిగి, "నీకేం కావల్లమ్మా?" అన్నాడు.

రైతు ఎగాదిగా చూశాడు, ఇంటి తాళం ఎక్కడ దాచావని ఆమెను అడిగినట్టు. ఆమె మొగుడి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది.

"ఏందోలే నాయనా... పిల్లోడు మిగిలిస్తాడు గదా, ఆ ఇడ్లీ చాలు."

గురుస్వామి వంటింటి వైపు తిరిగి కేకపెట్టాడు. "మూడు పూరీ!"

"ఏందప్పా, నేను చెప్పిందేంది, నువ్వు..."

"మతిమరుపు సామీ" అన్నాడు గురుస్వామి.

మూడు పూరీలు వచ్చాయి. పిల్లాడి వేలు అప్పుడే దిగింది. తల్లి తన పళ్ళెం కూడా కొడుకు వైపు జరపబోయింది. గురుస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు వేలు పెట్టమ్మా" అన్నాడు.