నది ఒడ్డున నలుగురం

ఆ ఆదివారం మధ్యాహ్నం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పిస్కాటవేలో మా ఇంటికి కాస్త దూరంలో, నది ఒడ్డున ఒక కంబోడియా రెస్టారెంట్ ఉంది. నడిపేది ఒక పెద్దావిడ. ఆర్డర్ ఇచ్చాకే వంట మొదలుపెడుతుంది. చేపను కొబ్బరిపాలతో కలిపి, అరటాకు దొన్నెలో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తుంది. దాని కోసం ఎంతసేపైనా కూర్చోవాల్సిందే. నాకు కావలసింది ఆ ఆలస్యమే. నా భార్యకి ఆష్‌బర్న్‌లో ఉద్యోగం వచ్చింది. మా ఊరి నుంచి నాలుగు గంటల డ్రైవ్. సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి. ఇంట్లో మాట మొదలుపెడితే ఫోనో పొయ్యో అడ్డొస్తుంది. అక్కడైతే ఇద్దరం తీరిగ్గా తేల్చుకోవచ్చనుకున్నాను.

ఆ నది పోటు లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, నాకు నేనే పట్టుకున్నాను. సముద్రపు పోటు ఆ నదిలోకి కూడా ఎగదన్నుతుంది. పోటు తీశాక చూడటానికి బురద తప్ప ఏమీ ఉండదు. అందుకే వేళ లెక్కగట్టి, నీళ్ళు గట్టు తాకే సమయానికి డెక్ మీద ఇద్దరికి టేబుల్ బుక్ చేశాను. నీళ్ళు అనుకున్న వేళకే వచ్చాయి. మా వీధి చివర ఉండే భార్యాభర్తలు కూడా వచ్చారు.

"ఏందన్నా, గింత మంచి జాగ మాకు చెప్పకుండ దాచినవా?" అంటూ అతను పక్క టేబుల్ కుర్చీ లాక్కున్నాడు.

మనవాళ్ళలో ఇదొక జాడ్యం. ఎక్కడికి వెళ్తున్నారని ఎవరైనా అడిగితే, మీరూ రండి అనకుండా ఫోన్ పెట్టలేం. నా భార్య కూడా అలాగే అని ఉంటుందనుకున్నాను. అవతలివాళ్ళు ఇంకోసారి వస్తాంలెండి అనాలి. వీళ్ళకి ఆపాటి కూడా తెలియదా అని నాకు కోపం.

అతను కూర్చున్నది మొదలు తొందరే. కూతుర్ని డాన్స్ క్లాస్ నుంచి పికప్ చేయాలట. ఇంకెంతసేపని వెయిట్రెస్‌ని అడిగాడు, కాసేపటికి మళ్ళీ అడిగాడు. పెద్దావిడ స్వయంగా వచ్చి, చేప ఉడకందే దింపనని నవ్వుతూనే చెప్పి వెళ్ళింది. తీరా అది వచ్చాక, కారులోంచి ఆవకాయ సీసా తెచ్చి దొన్నెలో ఇంత వేసి కలిపాడు. ఆవిడ కిచెన్ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. సిగ్గుతో నేను తల తిప్పుకున్నాను. అతని భార్య ఎవరెవరి వీసాలు ఏమయ్యాయో చెప్పుకొచ్చింది. నా భార్య మాత్రం వాళ్ళకి కొసరి కొసరి వడ్డించింది, ఆగకుండా ప్రశ్నలడిగి మాట్లాడించింది.

వాళ్ళిద్దరూ సెల్ఫీలకని డెక్ చివరికి వెళ్ళినప్పుడు అడిగాను. "మర్యాదకి రమ్మంటే నిజంగానే వచ్చేస్తారా?"

"మర్యాదకి కాదు. నేనే బతిమాలి రమ్మన్నాను," అంది.

"దేనికి?"

"మనిద్దరమే ఉంటే మీరు లెక్క మొదలెడతారు. దూరం, రెంటు, మంచులో డ్రైవింగు. అన్నీ కరెక్టుగానే ఉంటాయి. చివరికి వద్దులెండి అని నేనే అంటాను. పోయినసారి అరోరాలో వచ్చిన ఉద్యోగానికీ అంతేగా అయింది." గొంతు తగ్గించింది. "శుక్రవారమే ఓకే చెప్పేశాను."

నాకు కోపం ముంచుకొచ్చింది. వారం రోజులుగా నేను మనసులో కూర్చి పెట్టుకున్నది ఆమె వెళ్ళే దారే. ఏ వారం ఎవరు డ్రైవ్ చేయాలి, లీజు ఎన్నాళ్ళకి తీసుకోవాలి, నేను ఎప్పటికి అటు మారగలను, అన్నీ. ఒక్క ముక్క వినకుండా, నేను ఏమంటానో ఆమే తేల్చేసుకుంది. ఈసారి నువ్వు వెళ్ళేలాగే లెక్క వేశానని చెప్పాను.

"అదీ మీరే వేశారు కదండీ," అంది.

అంతలో వాళ్ళు వచ్చేశారు. ఫొటోలో నలుగురం ఉండాలని అతను పట్టుబట్టాడు. ఆమె నా పక్కన నిలబడి బాగానే నవ్వింది.

రెండు వారాల తర్వాత ఆమె సూట్‌కేస్ సర్దుకుంటోంది. బరువైనవి చక్రాల వైపు పెడితే ఇంకో రెండు చీరలు పడతాయని తెలుస్తూనే ఉంది. గుమ్మంలో నిలబడి, నోరు మూసుకుని చూశాను. కోపం రవ్వంత కూడా తగ్గలేదు. మూత పడకపోతే ఆమె మోకాలితో నొక్కి, తనే జిప్ లాక్కుంది.