పరీక్షలు నిద్రపోయిన మధ్యాహ్నం

ఆఫీసులో ఆమెను అందరూ జల్లెడ అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది పక్క కుర్చీలో కూర్చునే సహోద్యోగి. అతనికి తుఫాను అని పేరు పెట్టింది ఆమె. చెల్లుకు చెల్లు.

వాళ్ల పని చెప్పుకోవడానికి చిన్నదే. ఎవరెవరో రాసిన పైథాన్ ప్రోగ్రాములను తెచ్చి, లినక్స్ కంప్యూటర్లలో సులువుగా దిగేలా ప్యాకేజీలుగా కట్టడం. అయితే ఒక కట్టుబాటు ఉంది. ప్యాకేజీ తయారయ్యేది కంప్యూటరు లోపలే తలుపులన్నీ మూసిన ఒక గదిలో. దానికి ఇంటర్నెట్ కిటికీ ఉండదు. కావలసిన సరంజామా అంతా సొంత గిడ్డంగిలోనే ఉండాలి. అక్కడ లేనిదాన్ని బయటినుంచి తెచ్చుకోవడం కుదరదు.

ప్రోగ్రాము రాసినవాళ్లు దానితోపాటు పరీక్షలు కూడా రాసి, వాటికి ఏమేం కావాలో ఒక జాబితా ఇస్తారు. పేచీ అంతా అక్కడే. పరీక్షలను నడిపే పరికరాల మధ్యకి, కోడు పొందిగ్గా ఉందా అని చూసేవి, పరీక్షలు కోడును ఎంత మేర తాకాయో కొలిచేవి కూడా చేరిపోతాయి. రాసినవాళ్లకు అవి కావాలి, కట్టేవాళ్లకు అవి బరువు. అందుకని జల్లెడ ఒక్కో పరికరాన్నీ ఒకటే అడుగుతుంది. ప్రోగ్రాము పనిచేస్తోందో లేదో నువ్వు చెప్పగలవా? చెప్పగలిగితే ఉంటుంది. లేదంటే మొహమాటం లేకుండా బయటికి.

ఆ ఉదయం ఇంట్లో టిఫిను దగ్గర జల్లెడకు వదిన పలకరింపే నిలదీసినట్టు ఉంది. వదిన, అంటే భర్తకు అక్క, వాళ్లతోనే ఉంటుంది. ఆమెకు పుట్టుకతో చూపు లేదు. నీటి సరఫరా ఆఫీసుకు వచ్చే ఫిర్యాదులను ఏ విభాగానికి ఏది వెళ్లాలో చూసి పంపడం ఆమె ఉద్యోగం. తెరమీది అక్షరాలను చెవిలో చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటి ఆమెకు తోడు. దాన్ని ప్యాకేజీగా కట్టేది మరదలే.

"ఏమే మరదలా, వచ్చే వారం మా ఆఫీసులో కంప్యూటర్లన్నీ మీ లినక్స్ కొత్త విడుదలకి మారుస్తారట. నా గొంతు అందులో ఉంటుందా, ఊడుతుందా?"

"ఉంటుంది వదినా. మీ గొంతు వినపడకపోతే మాకు తోచొద్దూ?"

"వెటకారాలాపు. అది లేకపోతే మళ్లీ ఆ పక్క సీటాయనే నాకు చదివి వినిపించాలి. ఒక్కో ఫిర్యాదుకీ ఒక్కో నిట్టూర్పు. ఇంకొకళ్ల తీరిక కోసం కాచుక్కూచోడం ఇక నావల్ల కాదే."

"కూచోనక్కర్లేదు. నేను లేనా?"

ఆఫీసుకు వెళ్లేసరికి ఆ ప్యాకేజీయే మొరాయించి కూర్చుంది. కొత్త జాబితాలో కోడు పొందిక చూసే పరికరం ఒకటి చేరింది. అది గిడ్డంగిలో లేదు. కొత్త విడుదలలోకి ప్యాకేజీలను తీసుకునే గేటు మూసేది ఆ సాయంత్రమే. జల్లెడ చేతిలో వేరే పని ఉండటంతో తుఫాను ముందుకొచ్చాడు.

"దీనికింత ఆలోచనెందుకు? ఇటివ్వు, ఊదిపారేస్తా."

ఊదేశాడు కూడా. మధ్యాహ్నం "అంతా పచ్చే!" అని అరిచి, పరీక్షలు నెగ్గిన ఆనందంలో రెండు కప్పుల టీ తెచ్చిపెట్టాడు. జల్లెడ ఒక గుక్క తాగి, తెర వంక చూసి, కప్పు కింద పెట్టింది.

"ఇంత తొందరగా ఎలా అయ్యాయి?"

"నా చేతి చలవ."

"ఇవి గొంతు పలికి ఆగేదాకా ఎదురుచూసే పరీక్షలు. ఎప్పుడూ విసిగించి చంపుతాయి. ఇంత చప్పున అయ్యాయంటే పరుగెత్తలేదయ్యా, పడుకున్నాయి."

పైకి జరిపి చూసింది. ముఖ్యమైన ప్రతి పరీక్ష పక్కనా 'దాటవేశాం' అని ఉంది.

"ఫెయిలైతే కాలేదుగా?" అన్నాడు తుఫాను, గొంతు తగ్గించి.

"హాలుకే రానివాడు ఎలా ఫెయిలవుతాడు? ఏమేం తీసేశావు?"

"జాబితాలో ఆ పొందిక చూసేదీ, దాని పక్కనున్న మూడూ. ఒకే ఇంటిపేరుతో వరసగా ఉన్నాయి. అన్నీ సోకులే అనుకున్నా."

"మూడు సోకులే. నాలుగోది ఈ ఎదురుచూసే పరీక్షలను నడిపేది. అది లేకపోతే ఇవి గోల చేయవు, గప్‌చుప్‌గా తప్పుకుంటాయి."

తుఫాను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఇప్పుడు మళ్లీ మొదలెడితే గేటు అందుకోగలమా?"

"అందుకుంటాం. ఈ దొంగ పచ్చతో పంపితే మాత్రం, వచ్చే వారం మా వదిన చెవిలో పడుతుంది దెబ్బ. జరుగు."

నాలుగోదాన్ని తిరిగి చేర్చి నడిపించింది. ఈసారి పరీక్షలు తీరిగ్గా సాగి, ఒకచోట ఎర్రబడ్డాయి. చదువుతున్నదాన్ని మధ్యలో ఆపి తరువాతిది చదవమంటే, గొంతు ఏకంగా మూగబోతోంది. వదిన రోజంతా చేసేది అదే. ఫిర్యాదు మొదటి ముక్క వినగానే ఎటు పంపాలో తెలిసిపోతుంది, మిగతాది దాటేస్తుంది.

జల్లెడ కంగారు పడలేదు. నొప్పి ఎక్కడో చూపించే ఎరుపంటే ఆమెకు భయం లేదు. గిడ్డంగిలో గొంతు పలికించే భాగం ఈమధ్యే మారింది. 'ఆగు' అనే సంకేతం దానికి అందడం లేదు. ప్రోగ్రాము రాసినవాళ్లు ఆ సంగతి కనిపెట్టి అప్పటికే దిద్దుకున్నారు, ఇంకా విడుదల చేయలేదు. ఆ చిన్న దిద్దుబాటును తెచ్చి, పంక్తి పంక్తీ చదివి, ప్యాకేజీకి అతికించింది. మళ్లీ నడిపించింది. పచ్చ తాపీగా వచ్చింది. నాలుగో పరికరం పక్కన ఒక మాట కూడా రాసిపెట్టింది: 'దీన్ని తీస్తే పరీక్షలు నిద్రపోతాయి.'

గేటు మూయకముందే ప్యాకేజీ లోపలికి వెళ్లిపోయింది.

"తల్లీ, నీకో దణ్ణం," అన్నాడు తుఫాను.

"దణ్ణాలొద్దు. ఆ టీ చల్లారింది, ఇంకోటి తే."

ఇంటికి వెళ్లగానే జల్లెడ దాన్ని వదిన కంప్యూటరులో దించింది. వదిన కుర్చీ లాక్కుని, చదివించుకుంటూ మాటిమాటికీ మధ్యలో ఆపింది. ఆపినచోటల్లా గొంతు ఆగింది, మరుక్షణం తరువాతిది అందుకుంది.

"ఇవాళ ఏదో తంటా వచ్చింది కదూ?"

"ఎవరు చెప్పారు?"

"ఈల వేసుకుంటూ మెట్లెక్కావు. ఏదో గెలిచొస్తే తప్ప నీ నోట ఈల రాదు."

"ఒకచోట మూగబోయింది వదినా. మాట తెప్పించాం."

వదిన ఇంకోసారి ఆపి చూసింది. "ఆగమంటే ఆగుతోంది, కానిమ్మంటే కానిస్తోంది. మా తమ్ముణ్ణి కూడా ఇలా కట్టిపెట్టరాదుటే?"

"మీ తమ్ముడికి పరీక్షలు రాసిపెట్టిన మహానుభావులు ఎవరూ లేరు వదినా!"

పగలబడి నవ్వేసరికి వదినకు ఒక వాక్యం వినపడకుండా పోయింది. వెనక్కి మీట నొక్కింది. గొంతు ఏ నిట్టూర్పూ లేకుండా మళ్లీ మొదటినుంచి చదివింది.